నేలలో పైపులు, కేబుళ్లు: ఇల్లు కట్టేటప్పుడే ఏది వేయాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు

ఇల్లు కట్టేవాళ్లు టైల్స్ కోసం నాలుగైదు షోరూములు తిరుగుతారు, కుళాయిల దగ్గర గంటసేపు బేరమాడతారు. నేలలో పూడ్చే పైపుల సంగతి మాత్రం ప్లంబరుకీ ఎలక్ట్రీషియనుకీ వదిలేస్తారు. వాళ్లిద్దరూ వేర్వేరు రోజుల్లో వస్తారు. ఎవరి గోతి వాళ్లు తవ్వుకుని, పైపు పడేసి, పూడ్చి వెళ్లిపోతారు. గృహప్రవేశం అయిన ఏడాదికి గేటుకి మోటారు పెట్టాలనిపిస్తుంది, ప్రహరీ మూలన కెమెరా కావాలనిపిస్తుంది, ఎండాకాలంలో ఊరెళ్తే మొక్కలకి నీళ్లెవరు పోస్తారని టెన్షన్ మొదలవుతుంది. అప్పుడు చూస్తే చుట్టూ కాంక్రీటు, దాని మీద పార్కింగ్ టైల్స్.

అందుకే ఈ సలహా అంతా ఒక లెక్క మీద నడుస్తుంది. లైట్లు, టైమరు, డ్రిప్ సామాను ఎప్పుడైనా కొనొచ్చు. కాంక్రీటు కిందనుంచి దారి మాత్రం ఇప్పుడే ఉండాలి. చేతిలో డబ్బు తక్కువుంటే సామాను మానేసి దారి మీద పెట్టండి.

ముందు కాగితం మీద

మన దగ్గర ఏది ఎక్కడుండాలో చాలావరకు వాస్తే తేల్చేస్తుంది. బోరు, సంపు ఈశాన్యంలో. మీటరు బోర్డు ఆగ్నేయంలో. ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలో. నమ్మినా నమ్మకపోయినా దీనివల్ల ఒక మేలు ఉంది: నీళ్లూ కరెంటూ మొదలయ్యే చోట్లు దూరంగా ఉంటాయి. చిక్కు కూడా అక్కడే ఉంది. తూర్పు ముఖం ఇల్లయితే బోరు, మీటరు రెండూ ముందువైపే పడతాయి, మధ్యలో గేటు, కారు ర్యాంపు. బోరు మోటారు కేబులు స్టార్టరు దాకా రావాలంటే ఆ ర్యాంపు కిందనుంచే రావాలి. తోట లైను నైరుతిలో ట్యాంకు నుంచి దిగి, ఇంటి చుట్టూ సగం తిరిగి ముందుకి రావాలి.

ప్లాను జిరాక్సు మీద రెండు రంగుల పెన్నులతో ఈ దారులు గీయండి. గీతలు ర్యాంపునీ, మెట్లనీ, ప్లింత్ బీమునీ, ప్రహరీ పునాదినీ దాటే చోట సున్నా చుట్టండి. మామూలుగా ఇంటికి నాలుగు నుంచి ఆరు సున్నాలు తేలతాయి. ఆ చోట్లన్నిటిలో, బేస్‌మెంటులో మట్టి నింపి చెదల మందు కొట్టకముందే, ఖాళీ పైపు ముక్కలు అడ్డంగా పెట్టించాలి. వాటినే స్లీవులు అంటారు. ర్యాంపు కింద మాత్రం ఒకటి చాలదు. కరెంటుకి ఒకటి, కెమెరా, ఇంటర్నెట్ తీగలకి ఒకటి, నీళ్లకి ఒకటి, ఇంకొకటి ఊరికే. ఈ ఊరికే వేసిందానికి రేపు కారు ఛార్జరు రూపంలో పని దొరుకుతుంది.

బయట పరిచేదాన్ని బట్టి కూడా ఆలోచించాలి. ఇసుక మీద పరిచిన పేవర్ బ్లాకులైతే తీసి, తవ్వి, మళ్లీ అక్కడే పెట్టుకోవచ్చు. షాబాద్ బండలు జాగ్రత్తగా లేపితే కొన్నైనా బతుకుతాయి. కాంక్రీటు బెడ్డు మీద అంటించిన పార్కింగ్ టైల్స్ పగలాల్సిందే, ఆ డిజైను టైలు మూడేళ్ల తర్వాత దొరకదు. టైల్స్ వేయించే ఆలోచనుంటే స్లీవుల దగ్గర ఏమాత్రం పిసినారితనం వద్దు.

కరెంటు దారికి నాలుగు ఎంపికలు

మొదటిది, గోడల్లో, స్లాబులో వేసే మామూలు పీవీసీ కాండ్యూట్, అంటే వైర్లు లాగే గొట్టం. దీని ప్రమాణం ఐఎస్ 9537. లైట్, మీడియం, హెవీ అని రకాలుంటాయి. ఎలక్ట్రీషియన్ చేతిలో ఎప్పుడూ ఉండేది ఇదే కాబట్టి బయట నేలలో కూడా ఇదే వేసేస్తాడు. గోడలో ఉన్నంతకాలం దీనికి వంక పెట్టడానికి లేదు. మట్టిలో మాత్రం పలుగు దెబ్బకి ఆగదు, కారు బరువుకి నలుగుతుంది, జాయింట్ల దగ్గర నీళ్లు లోపలికి లాగుతుంది. గోడ దాటి బయటికొచ్చిన చోటే దాన్ని ఆపించేయండి.

రెండోది, యూపీవీసీ నీళ్ల పైపునే స్లీవుగా వాడటం. రైతులు "నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు" అనే రకం (చదరపు సెంటీమీటరుకి ఎన్ని కేజీల ఒత్తిడి తట్టుకుంటుందో ఆ లెక్క), ఐఎస్ 4985. ఆరు కేజీల 63 మి.మీ. పైపు చిన్న చిన్న దాటింపులకి చక్కగా సరిపోతుంది. గట్టిగా ఉంటుంది, సొల్యూషన్ పూసి అంటిస్తే నీళ్లు దూరవు, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి, మలుపు దగ్గర ప్లంబరు అలవాటు కొద్దీ మామూలు ఎల్బో వేస్తాడు, అందులోంచి లావు కేబులు లాగడం ఎవరి తరమూ కాదు. పొడుగు బెండే వేయమని ముందే చెప్పాలి. రెండోది ఇంకా ప్రమాదం. పదేళ్ల తర్వాత ఇంకో ప్లంబరు తవ్వి, నీళ్ల పైపనుకుని రంపం పెట్టే అవకాశం ఉంది. పైపు పొడవునా ఎర్ర రంగు చారలు పూయించండి, మీద హెచ్చరిక టేపు పరిపించండి.

మూడోది డీడబ్ల్యూసీ, అంటే డబుల్ వాల్ కరుగేటెడ్ హెచ్‌డీపీఈ పైపు. షాపులో "డీడబ్ల్యూసీ" అని అడగాలి. బయట ముడతలు, లోపల నున్నగా ఉంటుంది. భూమిలో కేబుళ్ల కోసమే తయారైంది, ప్రమాణం ఐఎస్ 14930. ముడతల వల్ల పై బరువుని తట్టుకుంటుంది, చిన్న సైజులు చుట్టలుగా వస్తాయి కాబట్టి మధ్యలో జాయింట్లు ఉండవు, మెల్లగా వంచుకుంటూ పోవచ్చు. బయటి కొలత 63 మి.మీ. ఉంటే లోపల దాదాపు 50 మి.మీ. చోటు దొరుకుతుంది. కొనేటప్పుడు రెండు కొలతలూ చూసుకోవాలి. చిన్న ఊళ్లలో ఒక్కోసారి ఆర్డరు పెట్టి తెప్పించుకోవాల్సి వస్తుంది, అంతే దీనికున్న లోటు.

నాలుగోది, పైపే లేకుండా ఆర్మర్డ్ కేబుల్ నేరుగా పూడ్చడం. తీగల చుట్టూ ఉక్కు కవచం ఉంటుంది, మట్టిలో పడుకోవడానికే పుట్టిన కేబులు. బలంలో దీనికి పోటీ లేదు. రెండు చివర్లా గ్లాండు (కేబులు చివరని పట్టి ఉంచే లోహపు బిగింపు) బిగించి ఆ కవచానికి ఎర్తింగ్ ఇవ్వాలి. మన దగ్గర ఎక్కువగా ఎగ్గొట్టే పని ఇదే. రేపు ఇంకో తీగ కావాలంటే మాత్రం మళ్లీ తవ్వడమే.

ఏది తీసుకోవాలి? పని ఏమిటో తెలిసి, అది మారదనుకున్న చోట, అంటే మీటరు నుంచి వెనక గదికి, బోరుకి, కారు ఛార్జరుకి ఆర్మర్డ్ కేబుల్. ఏమొస్తుందో తెలియని చోట, అంటే గేటు, ప్రహరీ మూలలు, తోట, డీడబ్ల్యూసీ. ర్యాంపు కింద పది పదిహేను అడుగుల దాటింపుకి ఆరు కేజీల యూపీవీసీ చాలు. కారు ఛార్జరు కేబులు ఈరోజే కొనక్కర్లేదు. 7.4 కిలోవాట్ల ఛార్జరు 32 ఆంపియర్లు లాగుతుంది. దానికి కావలసిన లావు కేబులు పట్టే పైపు ఖాళీగా ఉంటే చాలు.

భూమిలో కాండ్యూట్ వేశాం కదా, లోపల పొడిగా ఉంటుందనుకునేవాళ్లు చాలామంది. ఉండదు. జాయింటు ఎంత బాగున్నా లోపలి గాలిలో తేమ చల్లబడి నీళ్లవుతుంది. అందుకని ఇంట్లో వాడే సింగిల్ కోర్ వైర్లని నేలలోని పైపులో లాగనివ్వొద్దు. పై తొడుగు ఉన్న కేబులే వేయించండి. జాయింట్లు నేలమీదికి తేల్చిన పెట్టెల్లో ఉండాలి, మట్టిలో టేపు చుట్టి వదిలేయకూడదు. తోటకి వెళ్లే సర్క్యూట్ మొత్తానికీ విడిగా, కరెంటు లీకవగానే సప్లై ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. కోనసీమ, భీమవరం వైపు రెండడుగులు తవ్వితే నీళ్లొచ్చే చోట్ల పైపు ఏడాదిలో సగం రోజులు నిండే ఉంటుంది, అక్కడ ఈ మాట ఇంకా గట్టిగా పట్టించుకోవాలి.

లోతు సంగతి. కేబుళ్లు పూడ్చే పద్ధతికి ఉన్న ఐఎస్ 1255 ఇంటి కరెంటు స్థాయి కేబుళ్లకి 75 సెం.మీ. లోతు అంటుంది. అంటే దాదాపు రెండున్నర అడుగులు. ఎర్రనేలలో, ఇసుకనేలలో ఇదేమీ కష్టం కాదు. హైదరాబాదు చుట్టుపక్కల అడుగు తవ్వగానే షీట్ రాక్ తగిలే ప్లాట్లలో మాత్రం ప్రతి అంగుళానికీ బ్రేకరు పెట్టాలి. అక్కడ జీఐ (జింకు పూత ఇనుప) పైపులో వేసి, చుట్టూ కాంక్రీటు పోయించుకోవడం నయం. ఎక్కడైనా సరే, కేబులు కింద మీద ఇసుక, దాని మీద ఇటుకల వరస, ఒక అడుగు పైన హెచ్చరిక టేపు.

తోట లైట్లలో 12 వోల్టులా, 230 వోల్టులా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి. పిల్లలు, కుక్కలు తిరిగే చోట, తడి నేలలో 12 వోల్టులు నిశ్చింత. కానీ దూరం పెరిగితే వోల్టేజి పడిపోతుంది. మొత్తం 36 వాట్ల లైట్లు 30 మీటర్ల దూరంలో ఉంటే, 1.5 చదరపు మి.మీ. తీగలో రెండు వోల్టుల పైనే పోతుంది. చివరి లైటు మిణుకుమంటుంది. 2.5 తీగ వేస్తే నష్టం వోల్టున్నర లోపుకి దిగుతుంది. అందుకే 230 వోల్టులు పైపులో తోట మధ్యదాకా తీసుకెళ్లి, అక్కడ వాన తగలని పెట్టెలో డ్రైవరు (230ని 12 వోల్టులకి దించే పరికరం) పెట్టి, అక్కడినుంచి 12 వోల్టులు పంచడం నాకు నచ్చిన పద్ధతి.

తోట నీళ్లకి ఏ పైపు

సీపీవీసీ గురించి ఒక్క మాట: అది వేడినీళ్ల కోసం. తోటలో దానికి డబ్బు పెట్టడం దండగ.

మిగిలింది యూపీవీసీ, హెచ్‌డీపీఈ. ఈ రెండిట్లో ఎంపికని మీ మట్టికే వదిలేయాలి. ఎర్రనేల, మొరం, ఇసుక అయితే యూపీవీసీ హాయిగా ఉంటుంది. ఊళ్లో ప్రతి ప్లంబరుకీ వచ్చిన పని, పగిలితే అరగంటలో అతుకు. నల్లరేగడి కథ వేరు. గుంటూరు, ప్రకాశం, నంద్యాల, ఆదిలాబాద్ వైపు ఆ నేల వానకి ఉబ్బుతుంది, వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. బిగుసుకున్న యూపీవీసీ జాయింట్లు ఆ కదలికకి విడిపోతాయి. అక్కడ చుట్టగా వచ్చే నల్ల హెచ్‌డీపీఈ పైపే మేలు. జాయింటు లేకుండా ఒక చివరనుంచి ఇంకో చివరదాకా పోతుంది, నేలతోపాటు కొంచెం అటూ ఇటూ సర్దుకుంటుంది. దాని కంప్రెషన్ ఫిట్టింగులు యూపీవీసీ ఎల్బోలకంటే ఖరీదే, కానీ ఎన్నో పట్టవు. రేగడిలో యూపీవీసీయే వేయక తప్పకపోతే గోతిలో ఆ మట్టిని మళ్లీ పోయకండి. చుట్టూ ఇసుకో మొరమో నింపించండి.

ఎన్ని కేజీల పైపు అన్నది నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయనే దాన్ని బట్టి ఉంటుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి అయితే ఒత్తిడి కేజీ కూడా దాటదు, నాలుగు కేజీలదే ఎక్కువ. అయినా ఆరు కేజీలదే తీసుకోండి, గోడ మందం ఉంటుంది. బోరు మోటారు నుంచి తోటకి నేరుగా కలపడం మాత్రం వద్దనే చెప్తాను. లోతైన బోరుకి పెట్టిన మోటారు, ముందు వాల్వు మూసి ఉంటే, పది కేజీల దాకా కూడా నెట్టగలదు. ఎవరో తోట వాల్వులన్నీ కట్టేసిన రోజు పైపు ఎక్కడో ఒకచోట పేలుతుంది, కాంక్రీటు కిందే పేలుతుంది.

లైను తీసే చోటు కూడా ముఖ్యమే. ట్యాంకుకి తోట కోసం విడిగా ఒక అవుట్‌లెట్ పెట్టించి, అక్కడినుంచి అంగుళంపావు పైపు దించండి. బాత్‌రూము లైనులోంచి చీలిస్తే మొక్కలకి నీళ్లు పెట్టినప్పుడల్లా షవరు నీరసపడుతుంది. మున్సిపల్ నీళ్లకీ బోరు నీళ్లకీ వేర్వేరు ట్యాంకులుంటే బోరు ట్యాంకు నుంచే తీయాలి. ఇంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే దానికి ముందే తీయాలి. ఉప్పుతో శుభ్రమయ్యే సాఫ్ట్‌నర్ నీళ్లలో సోడియం పెరుగుతుంది, మొక్కలకి అది సరిపడదు. డ్రిప్‌లో ఎరువు కలిపే ఆలోచనుంటే వెనక్కి రాకుండా నాన్ రిటర్న్ వాల్వు కూడా.

గొట్టమా, డ్రిప్పా, స్ప్రింక్లరా

దుకాణంలో ఇది అభిరుచి ప్రశ్నలా అడుగుతారు. నిజానికి ఇది ట్యాంకు ఎత్తు ప్రశ్న. పది మీటర్ల ఎత్తుకి దాదాపు ఒక కేజీ ఒత్తిడి. ఒక అంతస్తు ఇంట్లో ట్యాంకు అడుగు ఇరవై అడుగుల ఎత్తులో ఉంటే 0.6 కేజీ. రెండు అంతస్తులైతే 0.9. ఇందులోంచి ఫిల్టరు కొంత మింగుతుంది.

లాన్‌లో గడ్డిలోంచి పైకి లేచే పాప్-అప్ స్ప్రింక్లర్లు రెండు కేజీల దగ్గర సరిగా పనిచేస్తాయి. అంటే ట్యాంకు ఎత్తుతో అసలు కుదరదు, సంపులో మోటారో బూస్టరు పంపో కావాలి. పైగా పదిహేను అడుగులు చిమ్మే అర్ధచంద్రం నాజిలు ఒక్కటే నిమిషానికి ఏడు లీటర్లు తాగుతుంది. ఆరు నాజిళ్లు పదినిమిషాలు నడిస్తే 420 లీటర్లు. మార్చి వచ్చిందంటే ట్యాంకరు కోసం ఫోన్లు చేసే కాలనీలో ఈ పని చేయమని నేను చెప్పలేను. ఇరవై అడుగులకి ఇరవై అడుగులు మించిన లాన్ ఉండి, బోరు నమ్మకంగా ఉంటేనే.

డ్రిప్ ఒక కేజీకి తయారైనా అరకేజీ దగ్గర కూడా నడుస్తుంది, నీళ్లు కాస్త తక్కువ వస్తాయి, ఇంకాసేపు వదిలితే సరి. అయితే ఇక్కడ షాపువాళ్లు చెప్పని మెలిక ఉంది. "ప్రెషర్ కాంపెన్సేటింగ్" డ్రిప్పర్లు, అంటే ఒత్తిడి మారినా ఒకేలా నీళ్లిచ్చేవి, ఖరీదైనవే, కానీ అవి తమ పని చేయాలంటే కనీస ఒత్తిడి ఉండాలి. తక్కువ ఎత్తు ట్యాంకుకి మామూలు ఇన్‌లైన్ లేటరలే (డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చే సన్న గొట్టం) మంచిది. ప్రహరీ వెంట 18 మీటర్ల పాదు ఉందనుకుందాం. అడుగుకొక డ్రిప్పరు ఉన్న 16 మి.మీ. లేటరలు రెండు వరసలు వేస్తే దాదాపు 120 డ్రిప్పర్లు. ఒక్కోటి గంటకి రెండు లీటర్లయితే మొత్తం 240 లీటర్లు. అరగంట వదిలితే 120 లీటర్లతో పాదంతా తడుస్తుంది. మామిడి, కొబ్బరి లాంటి చెట్లకి మాత్రం వేరే లైను, వేరే వాల్వు. పూలమొక్కల టైముతో వాటి దాహం తీరదు.

లేటరళ్లని మట్టిలో పూడ్చకండి. పూడ్చేది మెయిన్ పైపు ఒక్కటే. లేటరలు నేలమీద ఎండుటాకుల కింద ఉంటే చాలు. ఉడత కొరికినా, పంది కొక్కు తిన్నా కంటికి కనపడుతుంది, అడుగు ముక్క కోసి జాయినరు పెట్టేయొచ్చు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువున్న చోట్ల డ్రిప్పర్లు రెండు మూడేళ్లకి మూసుకుపోవచ్చు, అప్పుడు లేటరలు మార్చేసుకోవాలి. అందుకే దాన్ని శాశ్వత సామానుగా చూడొద్దు. మొదట్లో 120 మెష్ ఫిల్టరు, ప్రతి లేటరలు చివర విప్పి కడగడానికి వీలైన మూత, ఈ రెండూ ఉంటే ఇంకొన్నాళ్లు వస్తుంది. ఆన్‌లైన్ కిట్లకంటే మీ ఊళ్లో రైతులకి డ్రిప్ అమ్మే దుకాణంలో మీటర్ల లెక్కన కొనడం చవక, విడిభాగాలు కూడా అక్కడే దొరుకుతాయి.

టైమరు కొనేటప్పుడు ఇంకో మెలిక. కరెంటుతో పనిచేసే సోలినాయిడ్ వాల్వులు చాలావరకు తెరుచుకోవడానికే అరకేజీకి పైన ఒత్తిడి అడుగుతాయి. ట్యాంకు నీళ్లకి పెడితే సగం తెరుచుకుని ఊరుకుంటాయి. బ్యాటరీతో నడిచే వాటిలో బాల్ వాల్వు రకం అడిగి తీసుకోండి, అది ఒత్తిడి లేకపోయినా తిరుగుతుంది. బూస్టరు పంపు ఉన్నవాళ్లు మాత్రం 24 వోల్టుల సోలినాయిడ్లు, గోడకి ఒక కంట్రోలరు పెట్టుకోవచ్చు. ఆ తీగ కోసం కూడా నీళ్ల గోతి పక్కన ఒక పైపు వేసి ఉంచాలి.

గొట్టాన్ని తీసిపారేయకండి. రోజూ సాయంత్రం మొక్కల మధ్య తిరగడం ఇష్టమైనవాళ్లకి అంతకుమించింది లేదు, పురుగు పట్టిన ఆకు కూడా అప్పుడే కనపడుతుంది. తోట చుట్టూ నలభై అడుగులకొక కుళాయి ఉంటే బరువైన గొట్టం ఈడ్చుకుంటూ తిరిగే బాధ తప్పుతుంది. కుళాయి పక్కనే ఒక టీ జాయింటు వేసి మూత బిగించి ఉంచితే, డ్రిప్ ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కడినుంచి మొదలవుతుంది.

ఒకే గోతిలో వేస్తే

కూలి కలిసొస్తుందని మేస్త్రీ అడుగుతాడు. వేయొచ్చు, కానీ కరెంటు కేబులుకీ నీళ్ల పైపుకీ మధ్య అడుగు ఎడం ఉండాలి, కరెంటుకీ ఇంటర్నెట్ తీగకీ మధ్య కూడా అంతే. కేబులు కింద, నీళ్ల పైపు పైన ఒక పక్కగా ఉంటే రేపు లీకు వెతకడానికి తవ్వినా కేబులు దాకా పోరు. గోతి సన్నగా ఉండి అంత ఎడం కుదరకపోతే రెండు గోతులే తవ్వించండి.

పూడ్చే ముందు నీళ్ల లైను చివరలు మూసి, ఒత్తిడి పెట్టి ఒక రాత్రి వదలాలి. ప్లంబరు దగ్గర చేతిపంపు ఉంటుంది, లేకపోతే అద్దెకి తెస్తాడు. ఖాళీ పైపులన్నిట్లో నైలాను తాడు లాగి, రెండు చివర్లా మూతలు బిగించాలి. లేకపోతే ప్లాస్టరింగ్ నాటికి అందులో సిమెంటు, ఎలుకలు చేరతాయి. తర్వాత ప్రహరీ మూలనుంచి కొలత టేపు పరిచి, అంకెలు కనపడేలా ఫొటోలు తీయండి. మట్టి, పైపు మాత్రమే ఉన్న ఫొటో ఎక్కడిదో ఆర్నెల్లకి మీకే తెలియదు.

ఎవరికి ఏది

150, 200 గజాల ప్లాటులో ఇల్లు కట్టాక తోటకి మిగిలేది ముందున్న నాలుగడుగుల పాదు, ప్రహరీ వెంట కుండీలు. ర్యాంపు కింద పైన చెప్పిన నాలుగు స్లీవులు, రెండు కుళాయిలు, గేటు స్తంభాలదాకా డీడబ్ల్యూసీ, అంతే. కంట్రోలర్లూ సోలినాయిడ్లూ ఇక్కడ ఆర్భాటం.

300 నుంచి 500 గజాలు, రెండు అంతస్తులు అయితే ట్యాంకు నుంచి విడి లైను, మూడు వాల్వులు (పూలు, చెట్లు, కుండీలు), ఇన్‌లైన్ డ్రిప్, బాల్ వాల్వు టైమరు. ఇంటి చుట్టూ డీడబ్ల్యూసీ తిప్పి, నాలుగు మూలలా కెమెరాకీ లైటుకీ పెట్టెలు. లాన్ అంతగా కావాలనిపిస్తే ముందు ఒక వేసవి ఆ ఇంట్లో ఉండి చూడండి. స్లీవు ఎలాగూ ఉంది కాబట్టి తొందరేమీ లేదు.

గుంటల లెక్కన స్థలం ఉన్న ఫామ్‌హౌసుకి ఆర్మర్డ్ కేబుల్, హెచ్‌డీపీఈ మెయిన్, సంపులో విడి మోటారు. అక్కడ దూరాలు ఎక్కువ కాబట్టి మెయిన్ 50 లేదా 63 మి.మీ. ఉండాలి.

మిద్దెతోట పెట్టుకునేవాళ్లకి మాత్రం పైన చెప్పిన ఎత్తు లెక్క అంతా తలకిందులు. కుండీలు ట్యాంకు పక్కనే ఉంటాయి, ఎత్తు తేడా మీటరు ఉంటే గొప్ప. ఆ ఒత్తిడికి డ్రిప్ సగం కుండీలకి చేరదు. డాబా మీదికి ఒక చిన్న ప్రెషర్ పంపు, దానికి వాన తగలని ప్లగ్ పాయింటు, ఆ పాయింటుకి కింద బోర్డునుంచి విడిగా ఒక కాండ్యూట్ ఉండాలి. స్లాబు పోసే రోజుకి ముందే ఎలక్ట్రీషియనుకి ఈ పాయింటు సంగతి చెప్పాలి.